ఇద్దరికి చోటు

కోల్టర్, జార్జియా
మార్చి 1977

జెనోబియా అక్కకు,

ఇకమీదట ఉత్తరాలు మా ఇంటికి కాకుండా ఫ్రోనీ పార్లర్‌కు రాయి. మా ఉత్తరాల పెట్టెకు పైన రేకు ఊడిపోయింది, వానకు అన్నీ తడిసిపోతున్నాయి. ఫ్రోనీ జుట్టుకు పెట్టే సామాన్ల అరలో దాచి ఇస్తానంది.

మందిరం తలుపుల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే మా ద్వారసేవకు నన్ను మళ్ళీ అధ్యక్షురాలిని చేశారు. చేతులెత్తమంటే సంఘంలో ఒక్క చెయ్యి కూడా కిందికి లేదు. ఈ ఏడాది కొత్తగా ముగ్గురు ఆడపిల్లలు చేరారు. అందులో క్యాలీ అని ఒకతి, చంకలో పిల్లతో వస్తుంది. మనిషి మంచిదే గాని చేతి సైగలు బొత్తిగా తలకెక్కవు. పోయిన ఆదివారం తలుపు దగ్గర దాన్ని నిలబెట్టాను. నేను నడవలోంచి రెండు వేళ్ళు గుండెల మీద పెట్టి, "ఇద్దరికి చోటు కావాలి" అని అడిగాను. అదేమో నేను తలుపు తీయమని అరచెయ్యి భుజం దాకా ఎత్తాననుకుని బార్లా తలుపులు తెరిచేసింది! నడి ప్రార్థనలో! బయట ఆగి ఉన్నవాళ్ళంతా గొర్రెల్లా లోపలికి తోసుకొచ్చారు. పాస్టర్ టాలివర్ ఆమెన్ అనకుండానే కళ్ళు తెరిచాడు. అమ్మ మనిద్దరినీ వరండాలో నిలబెట్టి ఈ సైగలు నేర్పినప్పుడు నువ్వు కూడా కావాలనే తప్పులు చేసేదానివి, గుర్తొచ్చి నవ్వుకున్నాను.

చెప్పడం మరిచాను. ఎడమ చెయ్యి కారు తలుపులో పడి నలిగింది. కట్టు కట్టారు. పిడికిలి మడిచి నడుం వెనక పెట్టుకోవడం కుదరక, సేవలో నిలబడితే ఏదోలా ఉంది. తగ్గుతుందిలే.

నీ చెల్లెలు,
ఎర్లీన్

---

డెట్రాయిట్
ఏప్రిల్

ఎర్లీ,

ఏ కారు?

నీ మొగుడు హోసియా ఆ కారు క్రిస్మస్‌కు ముందే అమ్మేశాడని నువ్వే రాశావు. మందిరానికి నడిచి వెళ్తున్నాం, బూట్లకు మట్టి అంటుతోంది అని కూడా రాశావు. మరి ఎవరి కారు తలుపులో పడింది నీ చెయ్యి? పెట్టె మీద రేకు ఊడితే రేకు కొట్టించుకుంటారు గాని, ఉత్తరాలు ఊరవతల పార్లర్‌కు రాయమంటారా? నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాంటులో కారు తలుపులే బిగిస్తాను. తలుపుల గురించి నాకు చెప్పకు.

ఇంకో మాట. ఆ మందిరం నడిచేది ఎవరి చేతుల మీద? వండేది మీరు, తుడిచేది మీరు, పళ్ళేలు పట్టుకు తిరిగేది మీరు, పరిశుద్ధాత్మ పూని ఒరిగిపోయినవాళ్ళను పట్టుకుని విసనకర్రతో విసిరేది మీరు. పైనెక్కి మాట్లాడేది మాత్రం వాళ్ళు. తెల్ల చేతి తొడుగులిచ్చి "అధ్యక్షురాలు" అనగానే మీరు మురిసిపోతారు. నీ చెయ్యి నలిగితే ఆ సంఘంలో ఒక్కరైనా "ఏమైంది?" అని అడిగారా?

నాకు సైగలు వద్దు. మాటల్లో రాయి.

జెనోబియా

---

కోల్టర్
మే

అక్కా,

తలుపులోనే పడింది. వంటింటి తలుపు. వేసింది ఆయన.

కావాలని చేశాడనుకోకు. ఆ రోజు మిల్లులో ఫోర్‌మన్ అందరి ముందూ "ఒరేయ్, ఆ దుంగలు నీ అబ్బ ఎత్తుతాడా?" అన్నాడట. ఆ ఫోర్‌మన్ తెల్లవాడు, ఈయనకు కొడుకయ్యే వయసువాడు. ఆయనకు యాభై దాటాయి. సంఘంలో పెద్ద, డీకను. ఇంటికొచ్చేసరికి కార్న్‌బ్రెడ్ రొట్టె అడుగంటింది. నేను "ఇప్పుడే ఇంకోటి పెడతా" అంటూ అటు తిరిగాను. అంతే.

ఫ్రోనీ చూడగానే అంది, "ఇది తలుపు చేసిన పనా, తలుపు వేసినవాడి పనా?" నేను నవ్వేశాను. అది నవ్వలేదు. జుట్టు కడిగి, దువ్వి, డబ్బులు కూడా తీసుకోలేదు.

బయటంతా ఒరేయ్ అనిపించుకుని వచ్చే మనిషికి ఇంట్లోనైనా అయ్యా అనేవాళ్ళు ఉండాలి కదా అక్కా. మన నాన్ననూ అమ్మ అలాగే అనేది. అది తప్పా?

పాస్టర్‌గారు నన్ను చేతికి నయమయ్యే దాకా బెంచీలో కూర్చోమన్నారు. కట్టుతో తలుపు దగ్గర నిలబడితే చూసేవాళ్ళకు బాగుండదట.

ఎర్లీన్

---

డెట్రాయిట్
మే

చెల్లీ,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

ఒరేయ్ అన్నది ఫోర్‌మన్. మరి ఫోర్‌మన్ చెయ్యి ఎందుకు నలగలేదు? హోసియాకు కోపం ఆపుకోవడం రాదంటావా? ఎందుకు రాదు! మిల్లులో రోజంతా ఆపుకుంటాడు. దుంగ చేతిలో ఉండగా కూడా ఆపుకుంటాడు. వరండా మెట్లెక్కేదాకా జాగ్రత్తగా, ఒలక్కుండా మోసుకొచ్చి, ఎవరి మీద పోస్తే ఏమీ కాదో వాళ్ళ మీద పోస్తాడు. దాన్ని కోపం అనరు ఎర్లీ. లెక్క అంటారు.

నన్ను కూడా అంటారు. ప్లాంటులో నన్ను వాళ్ళు ఏమని పిలుస్తారో ఈ కాగితం మీద రాయను. తెల్లవాళ్ళే కాదు, యూనియన్ మీటింగులో మనవాళ్ళు కూడా, "సిస్టర్, ముందు కాఫీ సంగతి చూడు, తరవాత మాట్లాడుదువు గాని" అంటారు. మరి నేను ఇంటికొచ్చి ఎవరి చెయ్యి తలుపులో పెట్టాలి? ఒరేయ్ అనిపించుకోవడం మగవాళ్ళకే బాధా? నువ్వు పనిచేసే బడి వంటింట్లో నీకు జరిగేదేమిటి? పాతికేళ్ళు లేని పిల్ల మాస్టరమ్మ "ఎర్లీన్, ఇటురా" అంటే, నువ్వు "వస్తున్నానమ్మా" అంటూ పరిగెత్తవా? ఆ అవమానం ఇంటికి తెచ్చి నువ్వు ఎక్కడ పెట్టుకుంటున్నావు? నేను చెప్పనా? కార్న్‌బ్రెడ్‌లో. వాడి చొక్కాల ఇస్త్రీలో. ఆ తెల్ల తొడుగుల్లో.

పిల్లల కోసం భరిస్తున్నానని చెప్పుకోవడానికి నీకు పిల్లలు కూడా లేరు. బస్సెక్కి రా. నాకు ఒక్క గదే, కానీ మంచం పెద్దది.

జెనోబియా

---

కోల్టర్
జూలై

అక్కా,

పిల్లల మాట రాయకుండా ఉండాల్సింది.

నేను షెరీఫ్‌కు ఫోన్ చేసి పోలీసులను పిలిచాను.

నీకు ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. ఫోన్ లైను మా నాలుగిళ్ళకూ ఒకటే, ఒకరి మాట అందరికీ వినిపిస్తుంది కాబట్టి, షెరీఫ్ పంపిన డిప్యూటీ జీపు రాకముందే వీధంతా వరండాల్లో ఉంది. వచ్చినవాడు చిన్న కుర్రాడు, తెల్లవాడు. నవ్వుతూనే ఉన్నాడు. "ఏం ఎర్లీన్, డీకనుగారు ప్రార్థన గట్టిగా చేశాడా?" అన్నాడు. ఆయన చేతులు వెనక్కి విరిచి తీసుకెళ్ళారు. సోమవారం వదిలారు. ముందు పన్ను ఒకటి లేదు. నాతో మాట్లాడడం లేదు. చెయ్యి కూడా ఎత్తడం లేదు. భోజనం పెడితే తింటాడు, నేను ఆ గదిలో లేనట్టు.

డీకన్లు కూర్చుని తీర్మానం చేశారు. సెప్టెంబరు మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు, నేను అందరి ఎదుటా నిలబడి ఆయన్నీ సంఘాన్నీ క్షమాపణ అడగాలి. నల్ల మనిషిని తెల్లవాళ్ళ చేతికి అప్పగించినందుకు. అడిగితే అన్నీ మామూలే. అడగకపోతే తొడుగులు తిరిగిచ్చెయ్యాలి, బల్ల దగ్గరికి రాకూడదు.

ఎర్లీన్

---

డెట్రాయిట్
జూలై

ఎర్లీన్,

రూబెన్ అన్నను తీసుకెళ్ళింది ఆ జైలుకే కదా? శవాన్ని తెచ్చి అమ్మ వరండాలో దింపింది ఆ జీపులోనే కదా? "మెట్ల మీద పడ్డాడు" అన్నారు. ఆ జైలుకు మెట్లే లేవు.

ఆ ఫోన్ ఎలా ఎత్తావు?



జెనోబియా

---

కోల్టర్
ఆగస్టు

జెనోబియా,

అవును, ఆ జైలుకే. ఇంకో జైలుంటే చెప్పు, ఈసారి అక్కడికి ఫోన్ చేస్తాను.

ఎలా ఎత్తానో చెప్తాను, కూర్చుని చదువు. ముందు పాస్టర్ టాలివర్‌కే చేశాను. అప్పటికే ఒకసారి మా ఆయన చేతులు నా మెడ మీదికి వచ్చి వదిలాయి. కిటికీ అద్దం పగిలింది. వంటింట్లో నేనూ, వరండాలో ఆయనా. పాస్టర్‌గారు ఏమన్నారో తెలుసా? "సిస్టర్, ఫోన్ పెట్టేసి మోకరించండి. నేనిక్కడ మోకరిస్తాను." పక్కింటి డీకనుకు లైను మీదే అంతా వినిపిస్తోంది. అతను ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. రాలేదు. నువ్వేమో డెట్రాయిట్‌లో ఉన్నావు. చేతిలో ఫోన్ ఉంది. వరండా తలుపు తెరుచుకుంటోంది. అప్పుడు ఎవరిని పిలవాలి? రూబెన్ అన్నను పిలవనా?

అన్న ముఖం నాకు కనిపించలేదనుకుంటున్నావా? అన్న ముఖం చూస్తూనే నంబరు తిప్పాను. ఆ జైలుకు ఒక మనిషిని పంపుతున్నానని తెలిసే తిప్పాను. ఆయన ప్రాణంతో తిరిగొచ్చే దాకా నేను గుటక వెయ్యలేదు. ఆయన వచ్చి మెట్లెక్కుతుంటే ఒళ్ళంతా తడిమి చూడాలనిపించింది. అదే మనిషికి భయపడి వంటింటి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకున్నాను. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా పడతాయో నీ మీటింగుల్లో ఎవరైనా చెప్పారా?

క్షమాపణ అడుగుతాను. అడగడానికే నిర్ణయించుకున్నాను. ఈ ఊళ్ళో తెల్లవాళ్ళకు నేను ఎర్లీన్‌ని, ఇంట్లో "ఏయ్"ని. ఆ తలుపు దగ్గర ఒక్కచోటే "ప్రెసిడెంటుగారు". నేను చెయ్యి అడ్డం పెడితే మూడొందలమంది ఆగుతారు, చెయ్యి తీస్తే నడుస్తారు. అది పోతే నేనెవరిని? నువ్వు చెప్పలేవు. నీకు యూనియన్ ఉంది, కోపం ఉంది. నాకు ఉన్నది ఆ తలుపే.

ఎర్లీన్

---

డెట్రాయిట్
ఆగస్టు

ఎర్లీ, నా తల్లీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ప్లాంటుకు వెళ్ళాను. తలుపులు బిగిస్తూ నీతో పోట్లాడాను, ఓడిపోయాను, మళ్ళీ పోట్లాడాను. పక్కన పనిచేసే మనిషి "ఎవరితో మాట్లాడుతున్నావు జెనీ?" అంటే "నోర్ముయ్, ఓడిపోతున్నాను" అన్నాను.

నేను అడిగింది తప్పు ప్రశ్న. ఆ ఫోన్ ఎలా ఎత్తావు అని నిన్ను అడిగాను. ఆ ఒక్క ఫోన్ తప్ప నీ చేతికి ఇంకేమీ మిగలకుండా చేసిందెవరు అని అడగాల్సింది. నీకు మూడు తలుపులు ఉండాలి. పాస్టర్ తలుపు. పక్కింటి తలుపు. నా తలుపు. మొదటిది మోకరించింది, రెండోది ఊపిరి బిగబట్టింది, మూడోది డెట్రాయిట్‌లో ఉంది. నాలుగో తలుపు మన అన్నను చంపినవాళ్ళది. మూడూ మూసేసి, నాలుగోది తట్టినందుకు ఇప్పుడు నిన్ను నిలబెట్టి అడుగుతారా?

నల్లజాతి పరువట! జాతి అంటే వాళ్ళేనా? హోసియా పన్ను జాతిది, నీ చెయ్యి జాతిది కాదా? అన్న శవం వరండాలో దింపినప్పుడు కడిగిందెవరు? అమ్మ. జైలు ముందు బోర్డు పట్టుకుని నిలబడిందెవరు? అమ్మ, నేను, ద్వారసేవ ఆడవాళ్ళు, తెల్ల తొడుగులతో. డీకన్లు ఆ రోజు ఉద్యోగాలు పోతాయని మిల్లుకు వెళ్ళారు. నేను తప్పు పట్టను, ఇళ్ళలో పిల్లలున్నారు. కానీ ఇవాళ వాళ్ళు షెరీఫ్ పేరు చెప్పి నీ మీద లేస్తే మాత్రం ఊరుకోను. మన శోకాన్ని తెచ్చి మన నోటికే గుడ్డ కుక్కుతారా?

చూశావా, మళ్ళీ ఉపన్యాసం మొదలెట్టాను. నీకు ఉపన్యాసం అక్కర్లేదు.

నువ్వు క్షమాపణ అడిగినా నేను నీ అక్కనే. అడక్కపోయినా అంతే. ఆ ఆదివారం వచ్చి రెండో బెంచీలో కూర్చోమంటావా? రమ్మంటే వస్తాను. నోరు మూసుకుని కూర్చుంటాను. ప్రయత్నిస్తాను.

అక్క

---

కోల్టర్, ఫ్రోనీ పార్లర్ వెనక గది
సెప్టెంబరు

అక్కా,

రమ్మని రాయనందుకు ఏమనుకోకు. నువ్వు చూస్తుంటే ఆ మాటలు నా నోట రావని భయపడ్డాను. నువ్వు లేకపోయినా రాలేదు.

తెల్ల బట్టలు వేసుకునే వెళ్ళాను. ఫ్రోనీ పొద్దున్నే జుట్టు సరిచేసింది. "క్షమాపణకు ఇంత ముస్తాబా?" అంది. "ఊరంతా చూస్తుంది కదా" అన్నాను. మాటలన్నీ కంఠతా పట్టాను. నిజంగా అడుగుదామనే నడిచాను అక్కా, అది నువ్వు నమ్మాలి.

పాస్టర్‌గారు పేరు పెట్టి పిలిచారు. బల్ల ముందు నిలబడ్డాను. డీకన్ల బెంచీలో మా ఆయన, మెడకు కొత్త కాలరు. నోరు తెరిచాను, కంఠతా పట్టిన మాట ఒక్కటీ రాలేదు. దగ్గాను. వెనక నుంచి ఎవరో ముసలావిడ "చెప్పమ్మా, చెప్పు, ప్రభువు సాయం చేస్తాడు" అంది. పాస్టర్‌గారు "సంఘమా, తలలు వంచండి. సిస్టర్ హృదయం మెత్తబడే దాకా ప్రార్థన చేద్దాం" అన్నారు.

ప్రార్థన నడుస్తుండగా ఎవరూ కదలకూడదు, తలుపులు తీయకూడదు. ఆ కట్టడిని ఇన్నేళ్ళుగా కాపలా కాసింది నేనే. కడుపుతో ఉన్నవాళ్ళను ఆపాను. మూర్ఛ వచ్చేలా ఉన్న ముసలివాళ్ళను ఆపాను. "ఆమెన్ దాకా ఆగండి" అని. ఇప్పుడు ఆమెన్ పాస్టర్ చేతిలో ఉంది. ఆయన ఆపడు. నేను చెప్పేదాకా ఆపడు. పాదాలు నొప్పి పుట్టాయి. చెమట కాలరులోకి దిగింది. మూడొందల తలలు వంగి ఉన్నాయి, నేనొక్కదాన్నే తలెత్తి ఉన్నాను.

కాదు. ప్రార్థనలో కళ్ళు మూసుకోనివాళ్ళు ఇంకా ఉన్నారు. ద్వారసేవవాళ్ళు. అది కూడా అమ్మ నేర్పిందే: అందరూ కళ్ళు మూస్తే చూసేవాళ్ళెవరు? నడవ పొడుగునా, గోడల వెంట, తలుపు దగ్గర, తెల్ల బట్టల్లో ఉన్న ఆడవాళ్ళంతా నా కళ్ళలోకే చూస్తున్నారు. కుడి చేతులు పక్కన, ఎడమ పిడికిళ్ళు నడుం వెనక.

తలుపు దగ్గర క్యాలీ.

నేను అరచెయ్యి భుజం దాకా ఎత్తాను.

ఆలోచించి ఎత్తలేదు. ఆలోచిస్తే ఎత్తను. క్యాలీ కూడా ఆలోచించలేదు. బార్లా తెరిచేసింది, రెండు రెక్కలూ. ఎండ నడవ మధ్యదాకా వచ్చి పడింది. ఎండ తగిలి తలలు లేచాయి. పాస్టర్‌గారు కళ్ళు తెరిచేసరికి నేను సగం దూరం వెళ్ళిపోయాను. నా అడుగులు నాకే వినిపించాయి. ఎవరూ ఆపలేదు. ఆపే పని ద్వారసేవవాళ్ళది కదా, వాళ్ళు గోడ వైపు ఒక్కడుగు జరిగి దారిచ్చారు.

ఇంటికి వెళ్ళకుండా ఫ్రోనీ వెనక గదిలోనే ఉంటున్నాను, హోసియా రోజూ ఎదురు వీధిలో వచ్చి నిలబడి చూస్తున్నాడు. తరవాత క్యాలీని డీకన్లు నిలదీశారట. "నడి ప్రార్థనలో తలుపు తీయడానికి నీకు బుద్ధుందా?" అని. అది "ప్రెసిడెంటుగారు సైగ చేశారండీ, నేను తీశానండీ. పోయినసారి సైగ లేకుండా తీశానని తిట్టారు, ఈసారి సైగ చూసే తీశానండీ" అందట. ఫ్రోనీ ఇది చెప్తూ కుర్చీలో కూలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను. తరవాత ఏడ్చాను.

తొడుగులు బల్ల మీద పెట్టి రాలేదు. నా దగ్గరే ఉన్నాయి.

ఎర్లీన్

---

డెట్రాయిట్
సెప్టెంబరు

ఎర్లీ!

ప్లాంటులో భోజనాల బల్ల ఎక్కి చదివాను నీ ఉత్తరం. ఆడవాళ్ళు బల్లలు చరిచారు. ఒకతె "క్యాలీని మా తరఫున మాట్లాడే షాపు స్టూవర్డుగా పంపండి" అంది.

ఇక చాలు. బయలుదేరు. జుట్టు రంగు వాసన కొట్టే గదిలో, ఎదురు వీధిలో హోసియా నిలబడి చూస్తుంటే, అదేం బతుకు? తెరిచావు కదా తలుపు, బయటికి రా. గుమ్మంలో నిలబడిపోవడానికా తెరిచింది? ఇక్కడ నీ పేరు ఎవరికీ తెలియదు. అంతకన్నా సుఖం ఏముంది?

అక్క

---

కోల్టర్
అక్టోబరు

అక్కా,

నా పేరు ఎవరికీ తెలియని ఊరు నాకు సుఖం కాదు. నీకు కావచ్చు. అన్న ఇక్కడి మట్టిలోనే ఉన్నాడు, అమ్మా ఇక్కడి మట్టిలోనే ఉంది, నేను కడిగిన బెంచీలు ఇక్కడే ఉన్నాయి. హోసియా ఇక్కడ ఉండొచ్చు, నేను మాత్రం వెళ్ళిపోవాలా? జవాబు రాయి, నువ్వు వాదనలో గట్టిదానివి కదా.

సుఖంగా ఉన్నానని అబద్ధం చెప్పను. సంఘంలో సగంమంది నన్ను చూసి వీధి దాటి పోతున్నారు. బడి వంటింట్లో పని ఉంది, అంతే. హోసియా ఇంకా పార్లర్ ఎదురుగా వచ్చి నిలబడుతున్నాడు. పోయిన వారం ఒకసారి తలుపు నెట్టి చూశాడు. ఫ్రోనీ జుట్టు సాపు చేసే వేడి ఇనప దువ్వెన చేత్తో పట్టుకుని, "లోపల ఆడవాళ్ళు తలలారబెట్టుకుంటున్నారు డీకన్‌గారూ, మీకూ సరిచెయ్యమంటారా?" అంది. వెళ్ళిపోయాడు. ఆ రోజంతా వెనక గదిలోంచి బయటికి రాలేదు నేను. ఇంతేనా అనిపించింది. ఆ వంటింట్లోంచి ఈ గదిలోకి.

నిన్న సరుకుల కొట్టుకు వెళ్ళాను. వరసలో నాకు ముందు క్యాలీ ఉంది. చంకలో పిల్ల, పక్కన మొగుడు. క్యాలీకి పౌడరు వేసే అలవాటు లేదు. నిన్న ఒక చెంపకే వేసుకుంది. నేను పలకరించలేదు. అది కూడా చూడనట్టే ఉంది. వాడు డబ్బులిస్తూ అటు తిరిగాడు.

అప్పుడు క్యాలీ పిల్లను ఒక చేతి మీదికి మార్చుకుని, కుడిచేతి రెండు వేళ్ళు గుండెల మీద పెట్టింది.

ఇంతకుముందు ఒక్కసారి కూడా సరిగ్గా చెయ్యలేదు అక్కా, ఆ సైగ. వేళ్ళు నిటారుగా, మోచెయ్యి ఒంటికి ఆనించి, అమ్మ చూపించినట్టే చేసింది. నేను అరచెయ్యి గుండె మీద ఆనించి, తరవాత పార్లర్ ఉన్న వైపు చూపించాను. ఉంది, ఇటు. వాడు తిరిగేసరికి నేను బంగాళదుంపలు ఏరుకుంటున్నాను.

మంచం ఒకటే ఉంది. దాన్నీ పిల్లనూ పడుకోబెట్టి నేను కింద పడుకుంటాను. అమ్మ కుట్టిన దుప్పటి నీ దగ్గరుందిగా, అది కావాలి. పోస్టులో వెయ్యకు. రెండో బెంచీలో కూర్చోడానికి వస్తానన్నావు కదా, ఇప్పుడు రా. వాదించడానికి ఇక్కడ మనుషులు చాలామంది ఉన్నారు.

వచ్చేటప్పుడు గట్టి గడియ ఒకటి తీసుకురా. ఇక్కడ దొరికేవన్నీ రేకువి. ఈ గదికి ఉన్న గడియ బయటి నుంచి వేసేది. నాకు లోపలి నుంచి వేసుకునేది కావాలి. బిగించడం నీకు తెలుసు కదా.

నీ చెల్లెలు,
ఎర్లీన్